అక్క రోలు, చెల్లెలి రోకలి

మా అమ్మ పోతూ పోతూ రోలు అక్కకి ఇచ్చింది, రోకలి నాకు ఇచ్చింది. ఆవు తల ఒకరికి, తోక ఒకరికి పంచిన పెద్దమనుషుల గురించి విని నవ్వుకునేదాన్ని గానీ, అంతటి పెద్దమనిషి మా ఇంట్లోనే ఉందని అనుకోలేదు. ఓక్ దుంగని తొలిచి చేసిన రోలది, నడుమెత్తు ఉంటుంది. మా అమ్మమ్మ అత్తగారి కాలం నుంచీ దాంట్లో కనెపె గింజలు తప్ప ఇంకోటి దంచలేదు. రోకలిని రెండు చేతులా పట్టి ఎత్తాలి. ఆ రోటి గుంట ఆ రోకలి పోటుకే అరిగి అరిగి, దాని మూతికి అతికినట్టు తయారైంది. విడదీస్తే ఒకటి పూలకుండీకి, ఇంకోటి తలుపుకి అడ్డం పెట్టడానికీ తప్ప పనికిరావు.

సరస్సుకి ఇవతలి ఒడ్డున మా ఇల్లు, అవతలి ఒడ్డున అక్క వెనెరాండా వాళ్ళ ఇల్లు. ఆ ఇంటిని ఒజోలి అంటారు. గాలి ఇటు తిరిగితే అక్క కుక్క మొరుగుడు కూడా నాకు వినిపిస్తుంది. అక్క మాట మాత్రం అమ్మ పోయిన మరుసటి వేసవి నుంచి వినపడలేదు.

ఈ కనెపె అనేది గంజాయికి చెల్లెలి వరస. అక్కలాగా మత్తెక్కించదు, బుద్ధిమంతురాలు. ఆ సంగతి తెలియని రీగా పట్నం కుర్రాళ్ళు ఏటా మా పొలంలో దూరి ఆకులు తెంపుకుపోయి, కాల్చుకొని, తలనొప్పి తెచ్చుకుంటారు. ఒకడైతే మాత్ర కోసం మా తలుపే తట్టాడు పాపం. మాకు ఆకుతో పనిలేదు, గింజ కావాలి. మిరియం కంటే చిన్నది, బూడిద రంగు. పెనం మీద చిటపటలాడేదాకా వేయించి, ఉప్పేసి, నూనె దిగేదాకా దంచితే నల్లటి ముద్దవుతుంది. అదే కనెపె వెన్న. పాలచుక్క ఉండదు, అయినా మాకు వెన్నే. రై రొట్టె మీద మందంగా రాసి, పైన షాజీరా వేసిన జున్ను ముక్క పెట్టుకుని తింటేనే నడివేసవి లీగో పండగ. అది లేకుండా ఎన్ని మంటలు వేసినా, నెత్తిన ఎన్ని పూలు పెట్టుకున్నా పండగ వచ్చినట్టు ఉండదు.

మా వైపు మనుషులకి పొగడటం రాదు. ఇంట్లోవాళ్ళ వంట బాగుంటే "తినొచ్చు" అంటాం. మరీ ప్రాణం లేచొస్తే "తినొచ్చు" అని ఇంకో ముక్క తీసుకుంటాం. "చాలా బాగుంది" అనేది పరాయివాళ్ళకి చెప్పే మాట. చర్చి ఫాదర్‌కీ, కాబోయే వియ్యపురాలికీ చెప్తాం. అమ్మ పోయాక వచ్చిన మొదటి లీగోకి నేను కరెంటు మిషను కొన్నాను. ఒట్టి రోకలి పెట్టుకుని ఏం చెయ్యను మరి? ఆ మిషనులో తిప్పిన వెన్న గిన్నెడు పట్టుకుని అక్క ఇంటికి వెళ్ళాను. అక్క రొట్టె మీద రాసుకుంది, కొరికింది, నమిలింది, మూతి తుడుచుకుంది.

"చాలా బాగుంది టెక్లా," అంది. "శ్రమ తీసుకున్నావు. థాంక్స్."

చెంప మీద కొట్టినా అంత మండేది కాదు. సొంత చెల్లెల్ని పట్టుకుని చాలా బాగుందంటుందా! గిన్నె అక్కడే వదిలేసి వచ్చేశాను. ఆవిడ మళ్ళీ పిలవలేదు, నేను మళ్ళీ వెళ్ళలేదు. ఆ గిన్నె ఇంకా ఆవిడ దగ్గరే ఉంది.

ఇలా ఉండగా నా కూతురు ఇనేస సరస్సు పక్క పొలమంతా కనెపె వేసింది. మంచి రైతు, నా నోరే వచ్చింది దానికి. కోసిన రోజే గింజ ఆరబెట్టకపోతే కుప్పలోనే వేడెక్కి చేదెక్కుతుందని, కోతల్లో అది నిద్రపోదు, నన్ను పోనివ్వదు. ఇంతా చేస్తే గింజ పెద్ద పెద్ద సంచుల్లో లారీ ఎక్కి వెళ్ళిపోతుంది. కెనడా గింజ పొట్టు తీయించుకుని తెల్లగా వస్తుంది, చైనా గింజ చవగ్గా వస్తుంది, ఆ రెండిటి మధ్యా మాది బేరం కోసం బిక్కుబిక్కుమంటూ కూర్చుంటుంది. ఆర్నెల్ల తర్వాత రీగా బజార్లో చిన్న సీసాలో కనిపిస్తుంది, ఎవరిదో ఊరి పేరు అంటించుకుని. పొరుగింటి పుల్లకూర రుచి కదా, మావాళ్ళే ఎగబడి కొంటారు. నాకు ఒళ్ళు మండేది. మా వెన్న మా ఊరి పేరుతో పోవాలని నేనూ ఇనేసా ఎన్నిసార్లు అనుకున్నామో.

ఈ ఏడు చలికాలంలో ఇనేస బెర్లిన్ సంతకి వెళ్ళి, అక్కడ హాంబర్గ్ నుంచి వచ్చిన ఉల్‌రికె అనే వ్యాపారస్తురాలితో బీరు తాగి, నోరు జారింది.

"లీగోకి వస్తానందమ్మా," అంది వచ్చాక, కళ్ళు దించుకుని. "అమ్మమ్మ వెన్న రుచి చూపిస్తానని చెప్పా."

"ఏ అమ్మమ్మ? ఏ వెన్న?"

"మన అమ్మమ్మ. రోట్లో దంచిన వెన్న. నచ్చితే సీసాలు తీసుకుంటుంది, మన పేరుతోనే. మన మిషను వెన్న ముందే పంపించాను. అందరూ చేసేలాగే ఉంది, అక్కర్లేదంది."

"రోలు ఎక్కడుందో తెలుసుగా నీకు?"

"తెలుసు. పెద్దమ్మ దగ్గర."

"మరి వాగ్దానం చేసేముందు మీ పెద్దమ్మనడిగావా?"

"నువ్వడుగుతావని," అంది నా కూతురు. ఎంత ధైర్యమో చూడండి.

నేనడగలేదు. రోలు లేకపోతే ప్రపంచం ఆగిపోతుందా అనుకున్నాను. మొదట పెద్ద ఇనప బిందెలో దంచాను. గింజలు ఎగిరి పొయ్యి వెనకాలా నా జాకెట్లోనూ పడ్డాయి. తర్వాత దొనాత్ బావ కొత్త రోలు తొలిచి తెచ్చాడు. ఈయన అక్కకి మరిది, వడ్రంగి, బ్రహ్మచారి. సరస్సు చివర ఉంటాడు, ఇక్కడి కబుర్లు అక్కడ, అక్కడివి ఇక్కడ చేరవేస్తుంటాడు. ఆయన చేసిన రోట్లో దంచితే వెన్నంతా పచ్చిచెక్క వాసనేసింది.

"ఆడలేక మద్దెల ఓడని, దంచలేక నా రోలుని తిట్టకు మరదలా," అన్నాడు.

"నోట్లో పెట్టుకుని చూడు, ఎవరికి చేత కాలేదో తెలుస్తుంది."

పెట్టుకున్నాడు. పెరట్లోకి వెళ్ళి ఉమ్మేసి వచ్చాడు.

లీగో పొద్దున్నకి నా దగ్గర వేయించిన గింజలు బకెట్టెడు, పనికిరాని రోళ్ళు రెండు, వెన్నని చేదెక్కించే కరెంటు మిషను ఒకటి ఉన్నాయి. మిషను తప్పేం లేదు, గిరగిరా తిరిగి వేడెక్కుతుంది, ఆ వేడికి నూనె చెడుతుంది. మధ్యాహ్నం దాటాక హాంబర్గ్ ఆవిడ వచ్చేసింది. పొడుగు మనిషి, బూట్లు బురదగా ఉన్నా పట్టించుకోలేదు, కారు దిగగానే మా పొలంలోకి వెళ్ళి నడుమెత్తు మొక్కల మధ్య నిలబడి వాసన చూసింది. నాకు నచ్చింది. అందుకే ఇంకా భయమేసింది. ఇలాంటి మనిషికి మిషను వెన్న పెట్టి ఎలా పంపను?

"అక్కని అడుగు," అన్నాడు దొనాత్ బావ, నెత్తిమీద ఓక్ ఆకుల కిరీటం సర్దుకుంటూ.

"ప్రాణం పోయినా అడగను."

"అడగమాకు. పాడు."

నాకు అర్థం కాలేదు.

"ఇవాళ లీగో కాదూ! గుంపుగా వెళ్ళి గుమ్మం ముందు పాడితే ఎవరైనా తలుపు తియ్యాల్సిందే. ఎంత తిట్టి పాడినా కోపం తెచ్చుకోకూడదు, పాటతోనే జవాబివ్వాలి. నువ్వు మాట్లాడనని ఒట్టేసుకున్నావు గానీ, పాడనని వేసుకోలేదుగా?"

ఆ మనిషికి పెళ్ళెందుకు కాలేదో ఎప్పుడూ అర్థం కాదు నాకు, అంత తెలివి ఉంది.

ఊరంతా కదిలింది. ఆడవాళ్ళ నెత్తిన గడ్డిపూలు, మగవాళ్ళ నెత్తిన ఓక్ ఆకులు. ఇనేస ఒక పూలకిరీటం తెచ్చి హాంబర్గ్ ఆవిడ నెత్తిన పెట్టింది. గింజల బకెట్టు దొనాత్ బావ మోశాడు. రోకలి నేను భుజాన వేసుకున్నాను. పొద్దు ఇంకా చాలా ఉంది, ఎండ సరస్సు మీద పరుచుకుని ఉంది. ఒజోలి దగ్గర పడుతున్నకొద్దీ నా అడుగులు చిన్నవయ్యాయి. ఆవిడ తలుపు తీసి, పండగ మర్యాదకి జున్నుముక్క చేతిలో పెట్టి, మళ్ళీ ఆ "చాలా బాగుంది" గొంతుతో థాంక్స్ చెప్పి పంపేస్తే? వెన్న సంగతి తర్వాత, ఇంక ఈ జన్మకి ఆ గుమ్మం తొక్కలేను. కానీ రోట్లో తలపెట్టాక రోకటి పోటుకి వెరిస్తే ఎలా?

అక్క గుమ్మం మూసి ఉంది. కుక్క నన్ను చూసి మొరగలేదు, తోకాడించింది. నేను గొంతెత్తాను.

"ఒజోలి ఇంట్లో ఒక ముసలమ్ముంది, లీగో లీగో,
రోలుంది గానీ రోకలి లేదు, లీగో!
రోలు బోర్లిస్తే పిల్లెక్కి కూచుంది, లీగో లీగో,
పిల్లికి పెట్టను వెన్నైనా లేదు, లీగో!"

గుంపంతా లీగో అని అందుకుంది. లోపల చప్పుడు లేదు. అప్పుడు తలుపు వెనకనుంచి వచ్చింది పాట. ఆ గొంతు నేను చిన్నప్పుడు మంచం మీద పక్కన పడుకుని విన్న గొంతు.

"రోకలి మోసుకు తిరిగే పిల్లా, లీగో లీగో,
దంచే పని కాదా, ఊరేగే పనా, లీగో!
కరెంటు దేవుడు కరుణించలేదా, లీగో లీగో,
మా గుమ్మం ఇన్నాళ్ళకి గుర్తొచ్చిందా, లీగో!"

జనం పడీ పడీ నవ్వారు. నన్ను చూసే నవ్వారు. నేనూ నవ్వాను, ఆపుకోలేకపోయాను. అరవై దాటిన దాన్ని పిల్లా అంటే కోపం రావాలి గానీ నాకు కళ్ళలో నీళ్ళొచ్చాయి. దొనాత్ బావ నా వెనకనుంచి అందుకున్నాడు.

"కొట్టుకు చావండి అక్కాచెల్లెళ్ళు, లీగో లీగో,
ఆకలితో చచ్చేది మేము కదమ్మా, లీగో!"

తలుపు తెరుచుకుంది. అక్క నెత్తిన పూలకిరీటం, నడుముకి వంటింటి గుడ్డ. చిక్కిపోయింది. నన్ను చూడలేదు, రోకలిని చూసింది. దగ్గరికొచ్చి వంగి దాని మూతి వాసన చూసింది.

"ఇదేంటే, క్యాబేజీ కంపు కొడుతోంది?"

"చలికాలం పులుసు క్యాబేజీ దంచుకున్నా. ఏం, ఊరికే మూల పెట్టమంటావా?"

"అమ్మ రోకలితో క్యాబేజీ దంచావా!"

"నువ్వు రోలుని పిల్లికి పీట చేయలేదా?"

అక్క పక్కకి తప్పుకుంది. వంటింటి మధ్యలో, కిటికీ వెలుగులో ఉంది రోలు. దాని మీద శుభ్రమైన నార గుడ్డ కప్పి ఉంది. నేను గుడ్డ తీసి గుంటలో చెయ్యి పెట్టాను. చెక్క ఎక్కడా ఎండి పగల్లేదు, నున్నగా, కొంచెం జిడ్డుగా ఉంది. కొత్తగా నూనె పట్టించిన వాసన.

"వాడని రోలుకి నూనె ఎందుకు పెట్టావు?" అన్నాను.

"వాడేవాళ్ళు వస్తారేమోనని. ఏటా పండక్కి ముందు పెడతాను."

"అయితే పిలవచ్చుగా!"

"రోకలి ఎవరి దగ్గరుంది? వచ్చేవాళ్ళు రావాలి గానీ," అంది అక్క. పొయ్యి దగ్గరికి వెళ్ళి ఖాళీ గిన్నెల్ని అటూ ఇటూ జరిపింది. "అది నీకివ్వమని అమ్మకి నేనే చెప్పాను. రెండూ నా ఇంట్లోనే ఉంటే నువ్వెందుకొస్తావు? ఏటా లీగోకన్నా రోకలి పట్టుకుని వస్తావనుకున్నా. నువ్వేమో మిషను కొనుక్కుని, వెన్న చేసుకుని, చుట్టం తెచ్చినట్టు గిన్నెలో పెట్టుకొచ్చావు. చుట్టానికి చెప్పినట్టే చెప్పాను."

నాకు మాట రాకపోవడం మా ఊళ్ళో ఇదే మొదటిసారని దొనాత్ బావ గుమ్మంలోంచి అన్నాడు.

"ఆ ముక్క అప్పుడే నోరు తెరిచి చెప్పి ఏడవచ్చుగా అక్కా!"

"నువ్వడిగావా? అడగందే అమ్మైనా పెట్టదు," అంది అక్క. "మూతి కడుగు దానికి. ఆ కంపుతో దంచనివ్వను."

రోకలి మూతి వేడినీళ్ళతో కడిగి, ఉప్పేసి రుద్దాను. గింజలు పోశాం. దంచడానికి ఇద్దరు కావాలి, ఒకరు పోటెయ్యాలి, ఒకరు గట్టుకెక్కిన గింజల్ని లోపలికి ఎగదొయ్యాలి. అమ్మ ఉన్నప్పుడు నేను దంచేదాన్ని, అక్క ఎగదోసేది. రోకలి పైకి లేచినప్పుడే చెయ్యి లోపలికి వెళ్ళాలి, దిగేలోపు బయటికి రావాలి. లెక్క తప్పితే వేళ్ళుండవు. రోట్లో ఇంకొకరి చెయ్యి ఉండగా నేను ఇన్నేళ్ళుగా దంచలేదు, చేతుల మీద నమ్మకం లేదు.

"గరిటె తీసుకో అక్కా."

"గరిటె పెట్టనిచ్చిందా అమ్మ ఎప్పుడైనా?" అని అక్క చొక్కా చెయ్యి మడిచి, ఒట్టి చెయ్యి రోట్లో పెట్టింది. మొదటి పోటు నేను భయంభయంగా వేశాను.

"ఏంటే, రోలుని నిద్రపుచ్చుతున్నావా? కొట్టు!"

కొట్టాను. పాటకి తగ్గట్టు పోటు పడింది, పోటుకి తగ్గట్టు అక్క చెయ్యి లోపలికి వెళ్ళింది, బయటికొచ్చింది. ఒక్కసారి కూడా ఆవిడ రోకలి వంక చూడలేదు. నా మొహం వంక చూస్తూ తిట్లు పాడింది. నేనూ వదల్లేదు. నేను క్యాబేజీ రాణినని ఆవిడ పాడితే, ఆవిడ నోరు తుప్పుపట్టిన తాళమని నేను పాడాను. బయట జనం లీగో లీగో అంటూ గంతులేశారు. రోట్లో గింజలు ముందు పొడయ్యాయి, తర్వాత తడయ్యాయి, చివరికి నల్లగా నిగనిగలాడుతూ నూనె తేలింది. ఆ వాసనకి మా అమ్మ వెనకాల నిలబడినట్టే అనిపించింది.

హాంబర్గ్ ఆవిడకి మొదటి రొట్టె ఇచ్చాం. కొరికింది, కళ్ళు మూసుకుంది, జర్మన్‌లో గబగబా ఏదో చెప్పింది.

"చాలా బాగుందంట," అంది ఇనేస. "అద్భుతంగా ఉందంట."

దొనాత్ బావ నెత్తిన కిరీటం తీసేశాడు. "అయ్యో, నచ్చలేదా పాపం," అన్నాడు.

ఇనేస నవ్వుతూ నవ్వుతూ ఆవిడకి మా సంగతి చెప్పింది. ఆవిడ తెల్లబోయింది, తర్వాత పకపకా నవ్వింది. రెండో రొట్టె అడిగి తీసుకుని, తింటూ ఇనేసని ఒక మాట అడిగి నేర్చుకుని, మా భాషలో ముక్కలు ముక్కలుగా అంది, "తి-నొ-చ్చు." అప్పుడు కప్పు ఎగిరిపోయేలా అరిచారు అందరూ. సీసాలు తీసుకుంటానంది, మా ఊరి పేరుతోనే. అన్ని సీసాలు చేత్తో ఎలా దంచుతామని ఇనేస గాభరా పడింది. వేడెక్కకుండా నెమ్మదిగా దంచే రోళ్ళ వరస తను చేసిపెడతానని దొనాత్ బావ అందుకున్నాడు.

"ఈసారి ఎండిన చెక్కతో చెయ్యి," అన్నాను.

"కొలతలకి మాత్రం ఈ రోలే," అంది అక్క. "ఇది గుమ్మం దాటదు. చూసుకోవాలంటే ఇక్కడికే రావాలి."

అందరూ మంటల దగ్గరికి వెళ్ళిపోయారు. పాటలు, బీరు, అరుపులు. నేను కోరుకున్నది జరిగింది, మా వెన్న మా పేరుతో పోతుంది. అయినా నేను వంటింట్లోనే నిలబడ్డాను, ఎందుకంటే అందరికీ రొట్టెలు రాసిచ్చిన అక్క తను మాత్రం ఇంకా నోట పెట్టలేదు. అడగకూడదనుకున్నాను. అడిగేశాను.

"నువ్వు తినవా?"

"తింటాలే, తొందరేంటి?"

రొట్టె అంచు ఒకటి తుంచి, రోటి గుంట అడుగున మిగిలిన వెన్న దాంతో తుడిచింది. కొరికింది. నమిలింది, చాలాసేపు నమిలింది. మూతి తుడుచుకుంది. నేను ఆవిడ మూతి వంకే చూస్తూ నిలబడ్డాను, సిగ్గు లేకుండా.

"ఉప్పు రవ్వంత తక్కువైంది," అంది. "ఏదోలే, తినొచ్చు."

తర్వాత చెయ్యి చాపి ఇంకో ముక్క తీసుకుంది.

ఆ రోకలి నేను మళ్ళీ ఇంటికి తీసుకెళ్ళలేదు. గిన్నె మాత్రం తెచ్చుకున్నాను, నిండా వెన్నతో.